డబుల్స్ ఆటగాళ్లకు కూడా ఆటల పేజీలో చోటివ్వండి

సంపాదకులు గారికి నమస్కారం.

టెన్నిస్ డబుల్స్ ఆటగాడు రోహన్ బోపన్న 2025 నవంబరు 1న ఆటకు వీడ్కోలు చెప్పినప్పుడు మీ ఆటల పేజీలో వచ్చిన వార్తను కత్తిరించి మా షాపు గోడకు అంటించుకున్నాను. ఫొటో చాలా బాగుంది. కానీ రెండో పేరాలో ఆయన సింగిల్స్‌లో రాణించలేక డబుల్స్‌కు మళ్లాడని రాశారు. ఆ ఒక్క ముక్క నన్ను బాధపెట్టింది. ఈ మధ్య మా దగ్గరకు వచ్చే ఒక కుర్రాడి గురించి వాళ్ల చుట్టాలు అచ్చంగా అదే మాట అన్నారని తెలిసి ఈ ఉత్తరం రాస్తున్నాను. కొంచెం పెద్దదే అవుతుంది, ఓపికగా చదవండి.

నేను రాకెట్లకు గట్టింగ్ చేస్తాను, అంటే రాకెట్‌లో గట్ అనే తీగలు లాగి బిగించే పని. ఫతే మైదాన్‌కు నడిచి వెళ్లేంత దూరంలో మా షాపు. పని నేర్పింది మా మేనమామ. ఆయన కాలంలో ఎక్కువగా బ్యాడ్మింటన్ రాకెట్లే వచ్చేవి. ఇప్పుడు టెన్నిస్ రాకెట్లు కూడా బాగానే వస్తున్నాయి. పిల్లలు, వాళ్ల అమ్మానాన్నలు, కోచ్‌లు, అప్పుడప్పుడు బయటి దేశాల్లో టోర్నమెంట్లు ఆడి వచ్చిన వాళ్లు కూడా మా బెంచీ మీద కూర్చుని గట్టింగ్ అయ్యేదాకా మాట్లాడతారు. నేను రాకెట్ పట్టి ఆడినవాణ్ని కాను. కానీ ఆడేవాళ్ల మాటలు ఇన్నేళ్లు వింటూ ఉంటే ఎవరు ఏ పని చేస్తారో తెలుస్తుంది.

సింగిల్స్ ఆడే కుర్రాళ్లు గట్ తెగాక వస్తారు. కోర్టు వెనక గీత, అంటే బేస్‌లైన్ దగ్గర నిలబడి గంటల తరబడి టాప్‌స్పిన్ (బంతి ముందుకు తిరిగేలా కొట్టే దెబ్బ) కొడతారు కాబట్టి నిలువు గట్, అడ్డ గట్ ఒకదాన్నొకటి కోసుకుంటాయి. డబుల్స్ ఆడేవాళ్లు చాలాసార్లు గట్ తెగకుండానే వస్తారు. ‘పట్టు పోయింది అంకుల్, వాలీ కొడితే బంతి ఎటు పోతుందో తెలియట్లేదు’ అంటారు. వాలీ అంటే బంతి నేలకు తగలకముందే కొట్టడం. పాలియెస్టర్ గట్ మెషీన్ మీద లాగి బిగించిన మరుక్షణం నుంచే వదులవడం మొదలవుతుంది. నెట్ దగ్గర నిలబడి బంతిని రెండడుగుల దూరంలో దించాల్సిన మనిషికి ఆ తేడా వెంటనే చేతిలో తెలుస్తుంది. అందుకే కొందరు నిలువుకు పాలియెస్టర్, అడ్డానికి మెత్తటి మల్టీఫిలమెంట్ వేయించుకుంటారు. బిగువు ఒకరు 52 పౌండ్లు అంటే ఇంకొకరు 46 చాలంటారు. ఒకే ఆట ఆడేవాళ్లే అయినా ఇల్లు కట్టే చోట తాపీ మేస్త్రీ, వడ్రంగి ఎలాగో వీళ్లూ అలాగే. ఒకరి పని చేతకాక ఇంకొకరి పనిలోకి వచ్చారని ఎవరూ అనరు కదా.

నా మాట నమ్మకపోతే మాథ్యూ ఎబ్డెన్‌ను చూడండి. 2024 జనవరిలో ఆస్ట్రేలియన్ ఓపెన్ గెలిచినప్పుడు బోపన్నకు జోడీ ఈయనే. అదే సంవత్సరం పారిస్ ఒలింపిక్స్‌లో ఎవరో తప్పుకోవడంతో ఆఖరి నిమిషంలో ఆయన్ను సింగిల్స్‌లోకి దించారు. అప్పటికి ఆయన సింగిల్స్ ఆడి చాలాకాలమైంది. ఎదురుగా జొకోవిచ్. 0-6, 1-6తో ఓడిపోయాడు. సామాజిక మాధ్యమాల్లో ఎంతమంది నవ్వారో గుర్తుంది. ఆ తర్వాత వారం రోజులకే, అవే రోలాండ్ గారోస్ కోర్టుల్లో, జాన్ పీర్స్‌తో కలిసి పురుషుల డబుల్స్ బంగారు పతకం గెలిచాడు. మనిషి అతనే, రాకెట్లూ అవే. ఎబ్డెన్ ఒకప్పుడు సింగిల్స్‌లో ప్రపంచ 39వ ర్యాంకు దాకా వెళ్లినవాడే. అంటే సింగిల్స్ తెలియనివాడేం కాదు. ఆ పని వదిలి ఇంకో పనిలో చేయి తిరిగినవాడయ్యాడు, అంతే.

2025 ఆగస్టులో యూఎస్ ఓపెన్ వాళ్లు మిక్స్‌డ్ డబుల్స్‌ను, అంటే ఆడ, మగ కలిసి ఆడే పోటీని, పూర్తిగా మార్చేశారు. అసలు టోర్నమెంట్ మొదలయ్యే ముందే రెండు రోజుల్లో 16 జంటలతో ముగించేశారు. ఫైనల్ తప్ప మిగతా మ్యాచ్‌లలో సెట్ నాలుగు గేములకే. గెలిచిన జంటకు 10 లక్షల డాలర్లు. సీట్లలో ఎక్కువ భాగం సింగిల్స్ స్టార్లకు పోయాయి. అంతకుముందు ఏడాది ఛాంపియన్లు సారా ఎరాని, ఆండ్రియా వావసోరి ఇది డబుల్స్ ఆడేవాళ్లకు అన్యాయమని బయటికే చెప్పారు. చివరికి వాళ్లకు వైల్డ్‌కార్డు, అంటే నిర్వాహకులు తమ ఇష్టం మీద ఇచ్చే చోటు, ఇచ్చారు. ఆ స్టార్లందరి మధ్యలోంచి వచ్చి, ఫైనల్లో స్వియాటెక్, రూడ్ జంటను ఓడించి కప్పు మళ్లీ పట్టుకుపోయారు. ఈ వావసోరి ఎవరో కాదు, 2024లో ఆస్ట్రేలియన్ ఓపెన్ ఫైనల్లో బోపన్న, ఎబ్డెన్‌ల చేతిలో ఓడిన ఇటలీ జంటలో ఒకడు. సింగిల్స్ స్టార్లు డబుల్స్‌లో గెలవరని నేననడం లేదు. 2022లో ఆస్ట్రేలియన్ ఓపెన్‌ను కిర్గియోస్, కొకినాకిస్ వైల్డ్‌కార్డుతో వచ్చి గెలుచుకున్నారు. కానీ వారం వారం, ఊరూరా, ఏళ్ల తరబడి గెలవాలంటే అది వేరే చదువు.

ఆ చదువు ఏమిటో మీ పాఠకులకు ఎవరైనా చెప్పాలి. సింగిల్స్ కోర్టు వెడల్పు 27 అడుగులు. రెండు పక్కలా నాలుగున్నర అడుగుల చొప్పున కలిపితే డబుల్స్ కోర్టు 36 అడుగులు. పెరిగింది తొమ్మిది అడుగులే, మనుషులు మాత్రం రెట్టింపయ్యారు. ఒక్కొక్కరి వాటాకు 18 అడుగులు. కొట్టడానికి ఖాళీ ఎక్కడిది? సర్వ్‌ను తిరిగి కొట్టేవాడికి ఎదురుగా నెట్ దగ్గర ఒక మనిషి కాచుకుని ఉంటాడు. రిటర్న్ ఒక జానెడు ఎత్తుగా వచ్చినా పాయింట్ పోయినట్టే. అందుకని బంతి ఏటవాలుగా, నెట్‌ను రాసుకుంటూ పోయి సర్వ్ చేసినవాడి పాదాల దగ్గర పడాలి. నెట్ దగ్గరున్నవాడు వీపు వెనక వేళ్లతో సైగ చేస్తాడు. ఈసారి నేను అవతలి పక్కకు దూకుతాను, నువ్వు నా చోటు కాచుకో అని. ఒక్కోసారి కోర్టు నడిమధ్యలో నేలకు వంగిపోయి కూర్చుంటాడు. సర్వ్ పడ్డాక కుడికి లేస్తాడో ఎడమకు లేస్తాడో ఎదుటివాళ్లకు తెలియదు. వీళ్లు ప్రతి పాయింట్ మధ్యలో నోటికి బంతి అడ్డం పెట్టుకుని గుసగుసలాడేది కూడా దీని గురించే. టీవీలో చూసేవాళ్లకు అది టైంపాస్‌లా కనిపిస్తుంది.

లెక్క కూడా కఠినం. 2006 నుంచి ఏటీపీ టూర్‌లో, అంటే మగవాళ్ల ప్రొఫెషనల్ టెన్నిస్ పోటీల్లో, డబుల్స్‌కు స్కోరు పద్ధతి మార్చారు. డ్యూస్ (40-40 సమం) వస్తే ఒక్క పాయింట్‌తో గేమ్ అయిపోతుంది. చెరో సెట్ గెలిస్తే మూడో సెట్ ఉండదు, పది పాయింట్ల టైబ్రేక్ ఆడి తేల్చేస్తారు. సింగిల్స్‌లో మొదటి సెట్ పోయినా నెమ్మదిగా కుదురుకోవచ్చు. ఇక్కడ ఆ అవకాశం లేదు. రెండు మూడు పాయింట్లలో వారం కష్టం అయిపోతుంది. ఆ టెన్షన్‌లో ఇరవై ఏళ్లు నిలబడ్డాడు బోపన్న. 2010లో ఐసామ్ ఉల్ హక్ ఖురేషీతో యూఎస్ ఓపెన్ ఫైనల్‌కు వెళ్లి బ్రయాన్ సోదరుల చేతిలో ఓడాడు. 2023లో ఎబ్డెన్‌తో మళ్లీ అక్కడే ఫైనల్లో ఓడాడు. మోకాళ్లలో మృదులాస్థి అరిగిపోయిన మనిషి, యోగాతో కాళ్లను నిలబెట్టుకుని, 43 ఏళ్ల వయసులో ప్రపంచ నంబర్ వన్ అయి మొదటి పురుషుల డబుల్స్ గ్రాండ్‌స్లామ్ గెలిచాడు. అంత వయసులో నంబర్ వన్ అయినవాళ్లు అంతకుముందు లేరు. ఇంత కథ ఉండగా మీ విలేకరికి సింగిల్స్‌లో రాణించకపోవడమే ఎందుకు ముఖ్యమైందో నాకు అర్థం కాలేదు.

పైగా మనది హైదరాబాద్. ఈ విషయంలో ఈ ఊరి పేపర్లు అందరికంటే ముందుండాలి. సానియా మీర్జా 2005లో ఇక్కడే ఫతే మైదాన్‌లో హైదరాబాద్ ఓపెన్ సింగిల్స్ గెలిచింది. మహిళల ప్రొఫెషనల్ టెన్నిస్ నడిపే డబ్ల్యూటీఏ సింగిల్స్ టైటిల్ గెలిచిన తొలి భారతీయురాలు. ఆ రోజు షాపు మూసేసి నేనూ వెళ్లాను. ఆ అరుపులకు పక్కవాళ్ల మాట కూడా వినపడలేదు. 2007లో సింగిల్స్‌లో 27వ ర్యాంకు. తర్వాత మణికట్టు, మోకాళ్లకు ఆపరేషన్లు. 2013లో సింగిల్స్ పక్కనపెట్టి పూర్తిగా డబుల్స్‌కు వచ్చింది. రెండేళ్లకు, 2015 ఏప్రిల్‌లో, ప్రపంచ నంబర్ వన్. మార్టినా హింగిస్‌తో కలిసి ఆ ఏడాది వింబుల్డన్, యూఎస్ ఓపెన్, మరుసటి జనవరిలో ఆస్ట్రేలియన్ ఓపెన్. మధ్యలో ఇద్దరూ వరసగా 41 మ్యాచ్‌లు ఓడిపోలేదు. మొత్తం 91 వారాలు నంబర్ వన్‌గా ఉంది. బేస్‌లైన్ నుంచి ఆమె ఫోర్‌హ్యాండ్ దెబ్బకు ఎదుటివాళ్లు తడబడి బంతిని తేల్చితే, నెట్ దగ్గర హింగిస్ దాన్ని ముగించేది. ఒకరి బలం ఇంకొకరికి ఎలా పనికొస్తుందో ఆ జంటను చూపించి చెబితే పిల్లలకు ఇట్టే అర్థమవుతుంది.

సానియా సంగతి అందరికీ తెలుసు. మిగతావాళ్ల సంగతి? 2012 లండన్ ఒలింపిక్స్‌లో ఎవరు ఎవరితో ఆడాలన్న జోడీల గొడవ నడుస్తున్న సమయంలో లియాండర్ పేస్ పక్కన నిలబడి ఆడింది మన హైదరాబాద్ విష్ణువర్ధన్. మొదటి రౌండు గెలిచారు కూడా. 2014 ఇంచియాన్ ఏషియన్ గేమ్స్‌లో సానియాతో కలిసి మిక్స్‌డ్ బంగారు పతకం గెలిచింది వుయ్యూరులో పుట్టిన సాకేత్ మైనేని. అవే గేమ్స్‌లో సనమ్ సింగ్‌తో పురుషుల డబుల్స్ రజతం. చైనాలోని హాంగ్‌జౌలో 2023లో జరిగిన ఏషియన్ గేమ్స్‌లో రామ్‌కుమార్ రామనాథన్‌తో ఇంకో రజతం. ఇక రిత్విక్ చౌదరి బొల్లిపల్లి. హైదరాబాద్ కుర్రాడు. 2024 అక్టోబరులో అర్జున్ కాధేతో కలిసి కజకిస్థాన్‌లో అల్మాటీ ఓపెన్ గెలిచాడు. 2025లో కొలంబియాకు చెందిన నికోలస్ బారియెంటోస్‌తో చిలీ ఓపెన్ కూడా గెలిచాడు. రెండూ ఏటీపీ టూర్ టైటిళ్లు. మా షాపుకు వచ్చే పెద్దవాళ్లను, అంటే ఆటలంటే ఇష్టం ఉన్నవాళ్లనే, అడిగి చూశాను. ఐపీఎల్‌లో ఏ జట్టు ఎవరిని ఎంతకు కొన్నదో చెప్పగలిగారు గానీ రిత్విక్ పేరు ఒకరిద్దరికి తప్ప తెలియలేదు. తప్పు వాళ్లది కాదు. రోజూ పేపర్లో కనిపిస్తే గదా తెలిసేది.

ఇప్పుడు నేను చెప్పాలనుకున్న కుర్రాడి సంగతి. పేరు వద్దు. ఎనిమిదో తరగతి నుంచి మా దగ్గరే గట్టింగ్ చేయించుకుంటున్నాడు. వాళ్ల నాన్నకు అంబర్‌పేటలో ఆటో స్పేర్ పార్టుల షాపు ఉంది. ఆ షాపు ఆదాయం మీదే ఆట సాగుతోంది. సింగిల్స్ బాగానే ఆడేవాడు. కానీ రిటర్న్, నెట్ దగ్గర చేతి వేగం, ఎదుటివాడి ఉద్దేశం ముందే పసిగట్టడం చూసి కోచ్ డబుల్స్ మీద దృష్టి పెట్టమన్నాడు. కుర్రాడు ఆలోచించుకుని సరేనన్నాడు. ఇంట్లో ఏడుపులు. పెళ్లికి వెళ్తే చుట్టాలు ‘సింగిల్స్ చేతకాలేదా?’ అని అడగడం. సాయం చేస్తామన్న ఒక కంపెనీ వాళ్లు సింగిల్స్ ర్యాంకు ఎంత అని అడిగి, లేదనేసరికి మళ్లీ ఫోన్ ఎత్తలేదు.

అతను ఆడేది ఐటీఎఫ్ (అంతర్జాతీయ టెన్నిస్ సమాఖ్య) ఎం15 టోర్నమెంట్లు, మగవాళ్ల పోటీల్లో కిందిమెట్టువి. మొత్తం ప్రైజ్‌మనీ 15 వేల డాలర్లు, అదీ సింగిల్స్, డబుల్స్ అందరికీ కలిపి. అందులో డబుల్స్ టైటిల్ గెలిచిన జంటకు వెయ్యి డాలర్లు కూడా రావు. వచ్చినదాన్ని ఇద్దరూ పంచుకోవాలి. రైలు టికెట్లు, హోటల్, తిండి, నా గట్టింగ్ డబ్బులు అందులోంచే. నేను అతని దగ్గర గట్ ఖరీదు మాత్రమే తీసుకుంటాను. అతనికి అది ఇష్టం ఉండదు, అయినా అంతే తీసుకుంటాను. ఇంకో కష్టం పార్ట్‌నర్. ఇద్దరి ర్యాంకులు కలిపి చూసి డ్రాలోకి, అంటే టోర్నమెంట్ ఆడే జంటల జాబితాలోకి, తీసుకుంటారు. మంచి ర్యాంకు ఉన్న పార్ట్‌నర్ దొరకాలంటే తన ర్యాంకు బాగుండాలి, తన ర్యాంకు పెరగాలంటే మంచి పార్ట్‌నర్ కావాలి. వారం ముందు నుంచే ఫోన్లో మెసేజ్‌లు పెడుతూ కూర్చుంటాడు. ఒకసారి సెమీఫైనల్ రోజు పొద్దున పార్ట్‌నర్ తప్పుకున్నాడు. అతనికి సింగిల్స్‌లో కూడా సెమీస్ ఉంది, కాళ్లు కాపాడుకోవాలి. అతన్ని తప్పుపట్టలేం. కానీ మన కుర్రాడు ఒక్క బంతి కొట్టకుండా రైలెక్కాడు.

పైమెట్టు మీద కూడా తేడా ఇలాగే ఉంటుంది. 2024 ఆస్ట్రేలియన్ ఓపెన్‌లో సింగిల్స్ విజేతకు 31 లక్షల 50 వేల ఆస్ట్రేలియా డాలర్లు ఇచ్చారు. డబుల్స్ గెలిచిన బోపన్న, ఎబ్డెన్ జంటకు 7 లక్షల 30 వేలు, ఇద్దరికీ కలిపి. సింగిల్స్ చూడటానికి జనం ఎక్కువ వస్తారు, టీవీ డబ్బులు దానికే వస్తాయి, నాకు తెలుసు. సమానంగా ఇవ్వమని నేను అడగడం లేదు. అదే మా షాపుకు వచ్చే బ్యాడ్మింటన్ పిల్లల సంగతి వేరే. పెద్ద బ్యాడ్మింటన్ టోర్నమెంట్లలో డబుల్స్ గెలిచిన జంటకు వచ్చే మొత్తం సింగిల్స్ విజేతకు వచ్చేదానికంటే కాస్త ఎక్కువే. పంచుకుంటే తగ్గుతుంది, కానీ లెక్కలో డబుల్స్‌కు ఒక హోదా ఉంది. మన అమలాపురం సాత్విక్ సాయిరాజ్, చిరాగ్ శెట్టితో కలిసి ఏషియన్ గేమ్స్ బంగారు పతకం గెలిచి ప్రపంచ నంబర్ వన్ అయితే మీరు మొదటి పేజీలో వేశారు. సాత్విక్ సింగిల్స్ ఆడలేక ఇటొచ్చాడని ఎవరూ రాయలేదు. అంతకుముందు గుత్తా జ్వాల ఇదే ఊళ్లో డబుల్స్ వాళ్లను చిన్నచూపు చూస్తున్నారని గొంతెత్తి పోరాడింది. ఆమె అన్నదాంట్లో న్యాయముందని ఇప్పుడు అందరికీ తెలిసొచ్చింది. బ్యాడ్మింటన్‌కు ఇచ్చిన ఆ గౌరవమే టెన్నిస్ డబుల్స్‌కూ ఇవ్వమంటున్నాను.

మా కుర్రాడు ఈ మధ్య ఒక ఎం15 డబుల్స్ టైటిల్ గెలిచాడు. ఈ టోర్నమెంట్లలో మామూలుగా డబుల్స్ ఫైనల్ శనివారం, సింగిల్స్ ఫైనల్ ఆదివారం పెడతారు. ఆదివారం పేపర్ పట్టుకుని వాళ్లమ్మ మా షాపుకొచ్చింది. అన్ని పేజీలూ తిప్పింది. ఏమీ లేదు. సోమవారం సింగిల్స్ విజేత వార్త కింద ఆఖరి వాక్యంలో డబుల్స్ సంగతి వచ్చింది. పార్ట్‌నర్ పేరు సరిగ్గా ఉంది. మా వాడి పేరులో ఒక అక్షరం తప్పు పడింది, హైదరాబాద్ అని ఎక్కడా లేదు. వాళ్లమ్మ దాన్నే కత్తిరించి దాచుకుంది. చుట్టాలకు చూపిస్తానంది. పేరు తప్పున్న ముక్కను ఎలా చూపిస్తుందండీ?

అందుకే అడుగుతున్నాను. మన ఊరివాళ్లు ఆడే టోర్నమెంట్లలో శనివారం డబుల్స్ ఫైనల్ ఫలితాన్ని ఆదివారం పేపర్లోనే వేయండి. సాయంత్రానికల్లా ఐటీఎఫ్ వెబ్‌సైట్‌లో అది ఉంటుంది. ఇద్దరి పేర్లూ పూర్తిగా, ఇద్దరి ఊర్లూ వేయండి. స్కోరు చివర 10-7 అని ఉంటే అది మూడో సెట్ బదులు ఆడే టైబ్రేక్ అని బ్రాకెట్లో ఒక ముక్క రాయండి, లేకపోతే మామూలు పాఠకుడు అచ్చుతప్పు అనుకుంటాడు. దేశాల జట్ల మధ్య జరిగే డేవిస్ కప్ పోటీ ఉన్నప్పుడు రెండో రోజు మొదట జరిగేది డబుల్స్ మ్యాచే. చాలాసార్లు పోటీ ఎటు తిరుగుతుందో అక్కడే తేలుతుంది. దానికి సింగిల్స్ వార్తలో ఒక వాక్యం సరిపోదు, విడిగా ఒక పేరా కావాలి. రిత్విక్ లాంటివాళ్లు ఊరికొచ్చినప్పుడు ఒక విలేకరిని పంపి, పార్ట్‌నర్‌ను ఎలా వెతుక్కుంటారు, ఏడాదిలో ఎన్ని వారాలు ఇంటికి దూరంగా ఉంటారు, ఎవరు ఏ పక్క నిలబడి రిటర్న్ చేస్తారు, ఖర్చులకు ఏం చేస్తారు అని అడిగించండి. అది చదివితే అంబర్‌పేటలోనో అల్వాల్‌లోనో ఉన్న ఒక తండ్రి కొడుకు తీసుకున్న నిర్ణయాన్ని ఓటమి అనుకోకుండా ఉంటాడు. అకాడమీల వాళ్లు కూడా వారంలో ఒక పూటైనా పిల్లలకు డబుల్స్ నేర్పుతారు. ఇప్పుడు చాలాచోట్ల కోర్టులు చాలనప్పుడు మాత్రమే నలుగురిని ఒకే కోర్టులోకి తోస్తున్నారు.

ఇంకొక్క మనవి. వచ్చే సంవత్సరాల్లో ఇంకా కొందరు సింగిల్స్ నుంచి డబుల్స్‌కు వస్తారు. యూకీ భాంబ్రీ అలా వచ్చినవాడే. జూనియర్లలో ప్రపంచ నంబర్ వన్, 2009 ఆస్ట్రేలియన్ ఓపెన్ జూనియర్ ఛాంపియన్, సింగిల్స్‌లో 83వ ర్యాంకు దాకా వెళ్లాడు. మోకాళ్లు సహకరించక డబుల్స్‌కు మారి 2025లో యూఎస్ ఓపెన్ సెమీఫైనల్ ఆడాడు. అలాంటివాళ్ల గురించి రాసేటప్పుడు ‘రాణించలేక’ అన్న మాట పెట్టకండి. ఎందుకు మారారో ఫోన్ చేసి వాళ్లనే అడగండి, వాళ్లు చెప్పింది రాయండి.

ఇట్లు,
రాకెట్ గట్టింగ్ పనివాడు,
చిక్కడపల్లి, హైదరాబాద్.